చెట్టు ఒక పూటలో పడుతుంది, మొద్దు ఎందుకు లొంగదు?

సంక్షిప్తంగా: పెరట్లో అక్కర్లేని చెట్టును కొట్టించడం సులువు. మిగిలిన మొద్దు చిగురించకుండా చూడటం కష్టం. వేళ్లలో దాచుకున్న ఆహారం, బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు కలిసి చెట్టును మళ్లీ లేపుతాయి. అందుకే మొద్దును పెకలించాలా, కుళ్లబెట్టాలా అన్నది రంపం పెట్టక ముందే తేల్చుకోవాలి. కోత ఎంత ఎత్తులో పెట్టాలి, ఏ నెలలో పెట్టాలి అన్నవి ఆ నిర్ణయాన్ని బట్టే ఉంటాయి. గుంటూరు నల్లరేగడిలో, బెజవాడ కొండ అంచుల్లో ఈ లెక్క ఇంకొంచెం మారుతుంది.

విజయవాడ, గుంటూరు నగరాల్లో కాస్త పాత ఇళ్ల కాంపౌండ్లలో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. ప్రహరీ పక్కన అడుగున్నర ఎత్తున ఓ మొద్దు. దాని నెత్తిన తులసి కుండీయో, చిల్లుపడిన గమేళాయో. కుండీ చుట్టూ గుత్తులు గుత్తులుగా లేత పిలకలు. ఉగాదికి ముందు డబ్బులిచ్చి కొట్టించిన చెట్టు వినాయక చవితి నాటికి తలెత్తు పొదగా తయారవుతుంది. ఒక్క కాండం ఉన్నచోట ఇప్పుడు పదిహేను. ఇంటివాళ్లు మళ్లీ మనిషిని పిలుస్తారు, అతను మళ్లీ అంతే ఎత్తులో నరుకుతాడు. చెట్టు తీరు తెలియకపోవడం వల్లే ఈ తంతు ఏటేటా సాగుతుంది.

## పెరటి చెట్లు కొట్టించే మాట ఎందుకు పెరిగింది

మొదటి కారణం కానోకార్పస్. రోడ్ల డివైడర్లలో, అపార్టుమెంట్ల చుట్టూ, ఇళ్ల గోడల వెంబడి పచ్చటి తెరలాగా నిలుస్తుందని ఒకప్పుడు విరివిగా నాటారు. గుజరాత్ 2023లోనూ, తమిళనాడు 2025లోనూ దీన్ని నాటకుండా ఆదేశాలిచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉప ముఖ్యమంత్రి, అటవీ శాఖ మంత్రి పవన్ కల్యాణ్ 2024 వనమహోత్సవం సందర్భంగా కానోకార్పస్ బదులు దేశీయ జాతులు నాటాలని కోరారు. దీని పుప్పొడితో ఆరోగ్య సమస్యలు వస్తాయన్న వాదనపై నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. వేళ్లు, నీటి వాడకం, స్థానిక పక్షులకూ పురుగులకూ పెద్దగా పనికిరాకపోవడం గురించిన అభ్యంతరాలు వేరే. ఏ వాదన ఎంత బలమైనదైనా, వార్తలు చూసి చాలామంది తమ గోడ పక్కనున్న చెట్టు వైపు అనుమానంగా చూడటం మొదలుపెట్టారు.

రెండో కారణం వాతావరణం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతమంతా ఈదురుగాలులు వీచాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వేళ్లకూ గాలి కావాలి. రోజుల తరబడి నీళ్లు నిలిస్తే సన్నవేళ్లు ఊపిరాడక చచ్చిపోతాయి. అలాంటి చెట్టు వెంటనే పడకపోవచ్చు. ఏడాది తర్వాత చిన్న గాలికే ఒరగొచ్చు. ఇంటి మీదకు వంగిన చెట్టును చూసుకుంటూ వానాకాలమంతా టెన్షన్‌తో గడపడం ఎవరికైనా కష్టమే.

## నరికినా చావని గుట్టు

చెట్టుకు ప్రాణం ఎక్కడుంటుంది? అడ్డంగా కోసిన మొద్దును దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది. మధ్యలో ముదురు రంగులో ఉండేది చేవ. అది గట్టిదే గానీ నిర్జీవం. దాని చుట్టూ లేత రంగు కలప, దాని బయట, బెరడుకు ఆనుకుని, వేలితో రుద్దితే జిగటగా తగిలే పలచటి తడి పొర. ఆ పొరలోనే కొత్త కణాలు పుడతాయి. నరికిన కొన్నాళ్లకు చిగుళ్లు వచ్చేదీ మొద్దు మధ్య నుంచి కాదు, సరిగ్గా ఈ బెరడు అంచు నుంచే, లేదా కాస్త కింద బెరడును చీల్చుకుని.

ఆ చిగుళ్లు అప్పటికప్పుడు పుట్టినవి కావు. చెట్టు చిన్నదిగా ఉన్నప్పటి నుంచే బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు చాలా వరకు అవే. పైన కొమ్మల చివర్లు బతికి ఉన్నంతకాలం అవి పంపే హార్మోన్లు కింది మొగ్గలను లేవనివ్వవు. తల తెగ్గానే ఆ అదుపు పోతుంది. ఇక వేళ్లలో ఏళ్ల తరబడి దాచిన పిండి పదార్థం ఉండనే ఉంది. ఆకులేమీ లేకపోయినా ఆ నిల్వతో పిలకలు దూసుకొస్తాయి. కొత్త మొక్క నాటితే ఏడాదికి రెండడుగులు పెరిగే చోట, మొద్దు పిలక ఒక్క సీజన్‌లోనే ఆరడుగులు దాటడానికి కారణం ఇదే. కింద వేరు మొత్తం పెద్ద చెట్టుది, పైన పోషించాల్సింది గుప్పెడు ఆకుల్ని.

కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో సుబాబుల్, జామాయిల్ వేసే రైతులకు ఈ సంగతి కొత్తేమీ కాదు. కాగితం మిల్లులకు కర్ర కోసి పంపాక మొద్దును అలాగే వదిలేస్తారు. దాని పిలకలే తర్వాతి పంట. చెరకు నరికాక ఆ మొదళ్ల నుంచే మళ్లీ పెంచే కార్శి తోట ఎలాగో ఇదీ అలాగే. మళ్లీ నాటే ఖర్చు లేదు, దున్నే పని లేదు. తోటలో రైతు కోరుకునేది ఏమిటో, పెరట్లో ఇంటి యజమాని వద్దనుకునేదీ అదే. చిక్కల్లా ఒక్కటి: చెట్లు కొట్టే మనిషి రెండుచోట్లా ఒకే పద్ధతిలో కొడతాడు. పిలక బాగా రావాలని పొలంలో పెట్టే కోతనే పెరట్లోనూ పెడితే పిలక రాక ఏం చేస్తుంది?

## ఎంత ఎత్తులో కోయాలి

అత్యధిక ఇళ్లలో జరిగే తప్పు ఇక్కడే ఉంది. మనిషి నడుం వంచకుండా రంపం పట్టే ఎత్తు అడుగున్నర, రెండడుగులు. అక్కడ కోసి వెళ్లిపోతారు. ఆ ఎత్తు దేనికీ పనికిరాదు.

మొద్దును పెకలించాలనుకుంటే కనీసం నాలుగడుగుల కాండం వదిలేయాలి. చుట్టూ వేళ్లు నరికాక మోకు కట్టి లాగేది ఆ కాండాన్నే. తాడు ఎంత పైన కడితే బలం అంత కలిసొస్తుంది. గడ్డపార పొడవుగా ఉంటే రాయి సులువుగా లేస్తుంది కదా, అదే సూత్రం. నాలుగడుగుల కర్రతో నలుగురు ఊపి లేపగలిగిన మొద్దుకు, అడుగు మాత్రమే మిగిల్చితే జేసీబీ పిలవాల్సి వస్తుంది.

పెకలించకుండా నేలలోనే కుళ్లబెట్టాలనుకుంటే లెక్క తిరగబడుతుంది. నేలకు సమంగా, కుదిరితే చుట్టూ మట్టి రెండంగుళాలు తవ్వి ఇంకా కిందకు కోయాలి. నేల పైన బెరడు ఎంత మిగిలితే చిగుళ్లకు అంత చోటు. పైగా గాలికి, ఎండకు ఆరిపోయే కర్ర కుళ్లదు, గట్టిపడుతుంది. తడి మట్టి కింద ఉన్నదే త్వరగా మెత్తబడుతుంది.

కాబట్టి నిర్ణయం ముందు, కోత తర్వాత. మధ్యరకం ఎత్తులో కోసేసి ఆపైన ఆలోచిద్దామంటే రెండు దారులూ మూసుకుపోతాయి.

## అన్ని చెట్లూ ఒకటి కాదు

కొబ్బరి, తాడి చెట్ల సంగతి పూర్తిగా వేరు. వాటికి బెరడు కింద పెరిగే పొర ఉండదు. పెరుగుదలంతా తలపైన మొవ్వులోనే. మొవ్వు తెగితే చెట్టు పోయినట్టే, మొద్దు చిగురించదు. అలాగని వదిలేయడం మంచిది కాదు. కుళ్లుతున్న కొబ్బరి మొద్దు కొమ్ము పురుగుకు పుట్టిల్లు. దాని పిల్ల పురుగులు అందులో పెరిగి, పెద్దయ్యాక పక్కింటి కొబ్బరి మొవ్వును తొలుస్తాయి. గానోడెర్మా తెగులుతో పోయిన చెట్టయితే మొద్దు, వేళ్లు కూడా తీసేయడమే క్షేమం, లేకపోతే ఆ శిలీంధ్రం నేలలోనే నిలిచి పక్క చెట్టుకు పాకుతుంది. చిగురించని మొద్దును తప్పనిసరిగా తీయాల్సి రావడం, చిగురించే వాటిలో కొన్నింటిని వదిలేయగలగడం వింతగా అనిపించినా, పురుగు, తెగులు కోణంలో చూస్తే సబబే.

కానోకార్పస్, సుబాబుల్, జామాయిల్, సర్కారు తుమ్మ, వేప, మునగ మొండిగా చిగురిస్తాయి. వీటిలో మునగ కర్ర బెండులా మెత్తన, చచ్చిందంటే త్వరగా మట్టిలో కలుస్తుంది. తుమ్మ, వేప లాంటి చేవ చెట్లు ఏళ్లు తీసుకుంటాయి. అరటి, వెదురులకు అసలు మొద్దు అనే మాటే సరిపోదు. అక్కడ తీయాల్సింది నేలలోని దుంప, అందులో ఒక్క ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది.

రావి, మర్రి, జువ్వి, మేడి కుటుంబానిది ఇంకో తీరు. పిట్టలు వేసిన రెట్టలోని గింజ పిట్టగోడ పగుల్లో, సంపు అంచున, డ్రైనేజీ పైపు మూలలో మొలుస్తుంది. రావి మీద గొడ్డలి వేయడానికి చాలామంది కూలీలు వెనకాడతారు, కొందరు ముందుగా పసుపు కుంకుమలు పెట్టి దండం పెట్టుకుని గానీ చెయ్యి వేయరు. ఆ సంకోచం వల్ల వేలెడు మొక్కగా ఉన్నప్పుడు తీయాల్సింది గోడను చీల్చే దాకా ఆగుతుంది. రెండాకుల దశలో వేరుతో సహా లాగి, దూరంగా ఏ చెరువు గట్టునో నాటితే మనసుకూ ఇబ్బంది ఉండదు, గోడా మిగులుతుంది.

## నెల చూసి కోత

చెట్టు ఏడాది పొడవునా ఒకే బలంతో ఉండదు. ఆకు రాల్చే చెట్ల విషయంలో ఇది స్పష్టం. ఆకు రాలి, కొత్త చిగురు ఇంకా వేయకముందు, అంటే దాదాపు పుష్య మాఘాల్లో, వేళ్లలో నిల్వ నిండుగా ఉంటుంది. అప్పుడు నరికితే ఆ నిల్వంతా పిలకల్లోకి వస్తుంది. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరికే సమయానికి వేప తన నిల్వలో చాలా భాగం చిగుళ్లకు, పూతకు ఖర్చు పెట్టేసి ఉంటుంది. కొత్త ఆకు ఇంకా అప్పు తీర్చదు. ఆ చైత్ర వైశాఖాల్లో పడిన దెబ్బ నుంచి కోలుకోవడం చెట్టుకు కష్టం. పైగా వెంటనే ఎండాకాలం. కానోకార్పస్ లాంటి ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్లకు ఈ తేడా అంతగా ఉండదు. అయినా వేసవి కోతే మేలు.

కోతకు వేసవి మంచిదే గానీ తవ్వకానికి కాదు. మే నెలలో గుంటూరు నల్లరేగడి రాయిలా బిగుసుకుంటుంది. గడ్డపార వేస్తే తిరిగి చేతికే దెబ్బ తగులుతుంది. అదే నేల గట్టి వాన పడితే జిగురు. పార నుంచి మట్టి ఊడిరాదు, జేసీబీ చక్రం కూరుకుపోతుంది. రైతులు పదును అనే మాట వాడతారు. తొలకరి తర్వాత నేల విత్తనానికి సరిపడా మెత్తబడిన ఆ నాలుగైదు రోజులే మొద్దు తవ్వడానికీ సరైన సమయం. ఆగలేని వాళ్లు మొద్దు చుట్టూ పాది చేసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, ఒక రోజు ఆరనిచ్చి తవ్వితే సగం శ్రమ తగ్గుతుంది.

## బేరం ఆగేచోటే సమస్య మొదలు

చెట్టు కొట్టే పని ఎక్కువగా గుత్తకు జరుగుతుంది. వేప, మామిడి, నిద్రగన్నేరు లాంటి లావు మానైతే కర్రకు విలువ ఉంటుంది. కోత మిల్లుకో, పొయ్యి కట్టెలకో పోతుంది. అందుకే కొన్నిసార్లు కూలీ తక్కువ తీసుకుంటారు, కర్ర తామే పట్టుకుపోతారు. ఈ బేరం ఇద్దరికీ బాగానే కనిపిస్తుంది. కానీ కర్రకు విలువ ఉన్నంత వరకే ఆ బేరం. మొద్దులో మట్టి ఉంటుంది, రాళ్లు ఉంటాయి, మెలికలు ఉంటాయి. రంపం పళ్లు పాడవుతాయని మిల్లు తీసుకోదు. దాంతో మొద్దు ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోతుంది. మొద్దు తీయడం, మట్టి పూడ్చడం, కొమ్మారెమ్మా ఎత్తేయడం మొదటి మాటలోనే తేల్చుకోకపోతే తర్వాత దానికి విడిగా మనుషుల్ని వెతుక్కోవాల్సిందే. చెట్టు పడ్డాక ఇంటి యజమానికి బేరమాడే బలం ఉండదు.

కొట్టే పనిలో ప్రమాదం కూడా తక్కువేమీ కాదు. ఇళ్ల మధ్య చెట్టును ఒక్కసారిగా పడగొట్టే వీలుండదు. పైనుంచి కొమ్మలు ఒక్కొక్కటే మోకుతో దించాలి. ఖాళీ వైపు పడేయగలిగినా, పడాల్సిన వైపు మొదట కాండం మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా గాటు పెట్టి, ఆ తర్వాతే వెనక నుంచి కోయాలి. రెండు కోతలూ కలిసిపోకుండా మధ్యలో కొంచెం కర్ర వదలాలి. అదే తలుపుకు బందులా పనిచేసి చెట్టును దారి తప్పకుండా పడేస్తుంది. కరెంటు తీగ దగ్గరుంటే 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ ఎల్‌సీ, అంటే లైన్ ఆపి పనిచేసే అనుమతి, తీసుకుని సరఫరా ఆపాకే మనిషి ఎక్కాలి. పచ్చి కొమ్మలో నీరు ఉంటుంది, అది తీగను తాకితే కరెంటు కిందివరకూ దిగుతుంది.

## పార, పలుగు, జేసీబీ

మొద్దును పెకలించడంలో చేతిపని పద్ధతి సూటిగానే ఉంటుంది. కాండం నుంచి రెండు మూడు అడుగుల దూరంలో చుట్టూ కందకం తవ్వడం, కనిపించిన పక్కవేళ్లను ఒక్కోచోట రెండు గాట్లు పెట్టి ముక్క తీసేయడం. ఒకే గాటు పెడితే తెగిన వేరు చివర్లు మళ్లీ ఒకదానికొకటి ఆనుకుని కదలనివ్వవు. చాలా చెట్ల వేళ్లలో ఎక్కువ భాగం పై మూడడుగుల మట్టిలోనే అడ్డంగా పాకుతాయి, కాబట్టి పని లోతుకన్నా వెడల్పులో ఎక్కువ. మట్టి అంటిన వేరును గొడ్డలితో కొడితే పదును పోతుంది. ముందు రెండు బక్కెట్ల నీళ్లు పోసి కడగడం పాత పనివాళ్ల అలవాటు. చివరికి కిందికి దిగే తల్లివేరు మిగులుతుంది. కాండం ఊపుతూ ఒక పక్క ఖాళీ చేసుకుని దాన్ని నరికితే మొద్దు పక్కకు ఒరుగుతుంది.

జేసీబీ అయితే గంటలో పని. కానీ అది లోపలికి రావాలి. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో, విజయవాడ వన్‌టౌన్ సందుల్లో గేటు తీసేసినా బండి తిరిగే చోటు ఉండని ఇళ్లు ఎన్నో. వచ్చినా ఇంకో ప్రమాదం ఉంది. ప్రహరీ పునాది కింద పాకిన వేరును తెంచకుండా మొద్దును ఎత్తితే, వేరుతోపాటు గోడా లేస్తుంది. గోడ వైపు వేళ్లను ముందురోజే చేత్తో నరికించి పెట్టుకుంటే ఈ నష్టం తప్పుతుంది. సంపు, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల పైపు, కరెంటు కేబుల్ ఎక్కడున్నాయో సున్నంతో గీత గీసి డ్రైవరుకు చూపించడం మరో చిన్న జాగ్రత్త.

పైపుల గురించి ఒక అపోహ బలంగా ఉంది. వేరు పైపును పగలగొట్టి లోపలికి దూరుతుందని అందరూ నమ్ముతారు. సాధారణంగా జరిగేది దానికి తిరగమరగ. జాయింటు కారుతుంది, చుట్టూ మట్టి తడిగా ఉంటుంది, వెంట్రుక లాంటి వేరు ఆ తడిని పట్టుకుని సందులోంచి లోపలికి పోతుంది, లోపల లావెక్కి పైపును చీలుస్తుంది. చెట్టును తీసేసి జాయింటును వదిలేస్తే ఇంకో చెట్టు వేరు వస్తుంది.

## ఉప్పు, మైలుతుత్తం, ఇంగువ

మొద్దుకు మందు పెట్టమని సలహా ఇవ్వని వీధి లేదు. వాటిలో దేనికి ఏ బలం ఉందో విడిగా చూడాలి.

మైలుతుత్తం విషయంలో జరిగేది ఆశించిన దానికి పూర్తి వ్యతిరేకం. అది రాగి లవణం, శిలీంధ్రాల్ని చంపుతుంది. కర్రను కుళ్లబెట్టేవే శిలీంధ్రాలు. కలప పుచ్చకుండా పట్టించే మందుల్లో రాగి ముఖ్యమైన దినుసు. అంటే మొద్దులో మైలుతుత్తం నింపడమంటే దాన్ని ఊరగాయలా నిలవ చేయడమే. ఉప్పు వేళ్లను కొంత చంపుతుంది నిజమే. కానీ ఆ సోడియం నల్లరేగడిలోని బంకమట్టి రేణువులను విడదీసి, నీరు ఇంకని జిడ్డు నేలగా మారుస్తుంది. మొద్దు పోయినా అక్కడ గడ్డి కూడా సరిగా మొలవదు. కిరసనాయిలు, వాడేసిన ఇంజినాయిల్ బోరు నీటికి హాని. ఇంగువ కూరితే మాను ఎండుతుందన్న నమ్మకం పాతది. అక్కడ దెబ్బ తీసేది ఎక్కువగా ఇంగువ కోసం మానుకు చుట్టూ పెట్టే లోతైన గాట్లు.

కలుపు మందుల్లో గ్లైఫోసేట్ పేరు ఎక్కువ వినిపిస్తుంది. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఆదేశం ప్రకారం దాన్ని లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడించాలి, ఇంట్లో వాళ్లు సొంతంగా చల్లకూడదు. ఇలాంటి మందు ఏదైనా పనిచేసే తీరు ఒక్కటే. కోసిన కొద్ది నిమిషాల్లోనే, మొద్దు మొత్తానికీ కాక బెరడు పక్కనున్న తడి పొరకు పూయాలి. మధ్య చేవకు పూసిన మందు వృథా. గంటలు గడిచాక పూసినా కోత ముఖం మూసుకుపోయి లోపలికి దిగదు. ఒకే జాతి చెట్లు పక్కపక్కనే ఉంటే వాటి వేళ్లు నేలలో అతుక్కుని ఉండే అవకాశం ఉంది, ఒకదానికి పూసింది రెండోదాన్నీ చంపొచ్చు.

మందు లేని దారీ ఉంది. ఓపిక ఉంటే పెరట్లో అదే మంచిది. నేలకు సమంగా కోసిన మొద్దు మీద నల్ల పాలిథీన్ పట్టా రెండు మడతలు కప్పి, అంచుల మీద మట్టి వేసి వెలుతురు తగలనివ్వకూడదు. అయినా పక్కనుంచి పిలక వస్తుంది. వారం పది రోజులకోసారి ఆ పిలకను కత్తెరతో కాక, బొటనవేలు పెట్టి మొదలంటా చీరి తీసేయాలి. కత్తిరిస్తే ఒకటి రెండవుతుంది. ప్రతి పిలకా వేరులోని నిల్వతో పుట్టినదే. ఆకు ముదిరి ఆ అప్పు తీర్చే లోపు తుంచేస్తే నిల్వ తరుగుతూ వస్తుంది. మొదటి వానాకాలం పోటీగానే ఉంటుంది. రెండోదానికి పిలకలు సన్నబడి ఆగిపోతాయి. అప్పుడు మొద్దులో డ్రిల్ మిషన్‌తో రంధ్రాలు పెట్టి, పచ్చి పేడ కలిపిన మట్టి నింపి తడిగా ఉంచితే కుళ్లు వేగమవుతుంది. ఇల్లు పదడుగుల లోపు ఉంటే మాత్రం కుళ్లబెట్టకపోవడమే మంచిది. మెత్తబడే కర్రకు చెద వస్తుంది, చెదకు అక్కడి నుంచి ద్వారబంధం ఎంతో దూరం కాదు.

ఊక, పిడకలు పోసి మొద్దును రోజుల తరబడి కాల్చడం పల్లెల్లో ఉన్న పద్ధతే. ఊళ్లో అది వద్దు. నిప్పు వేరు వెంబడి నేల కింద పాకి, ఎక్కడో పైకి వస్తుంది. పొగతో పక్కింటివాళ్లకూ కష్టం.

## చెట్టు ముందా, ఇల్లు ముందా?

నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చేది అందుకే. పెద్ద చెట్టు నేలలోని తేమను నిరంతరం పీల్చి తన చుట్టూ మట్టిని ఎండుగా ఉంచుతుంది. దాన్ని తీసేస్తే ఆ మట్టి కొన్ని వానాకాలాల పాటు మెల్లగా నీరు తాగుతూ ఉబ్బుతుంది.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న: ఇల్లు కట్టేనాటికి చెట్టు పెద్దదై ఉందా? ఉంటే పునాది పడింది ఎండిన నేల మీద. చెట్టు పోయాక ఆ వైపు నేల పైకి లేచి, గోడల్లో బీటలు రావచ్చు. ఇల్లు కట్టాక నాటిన చెట్టయితే నేల మళ్లీ తన పాత స్థితికే వస్తుంది, భయం తక్కువ. చెట్టు కొట్టాక బీటలు వచ్చిన ఇంటికీ, చెట్టు కొట్టాక బీటలు ఆగిన ఇంటికీ ఉన్న తేడాను ఈ ఒక్క ప్రశ్న చాలా వరకు వివరిస్తుంది. మొదటి రకంలో చెట్టును ఒకేసారి కొట్టకుండా రెండు మూడేళ్లలో కొమ్మలు తగ్గిస్తూ రావాలని కొందరంటారు. దానికన్నా ముందు సివిల్ ఇంజినీరుకు చూపించడం అవసరం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) ఇలాంటి నేలల కోసమే రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్స్, అంటే లోతుగా దిగి అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాల మీద కట్టిన ఇళ్లకు ఈ బెడద తక్కువ, ఎందుకంటే బరువు మోసేది ఉబ్బే పై పొర కాదు, కింది నిలకడైన పొర.

విజయవాడలో గుణదల, మొగల్రాజపురం కొండ అంచున ఉన్న ఇళ్లది మరో సంగతి. 2024 ఆగస్టు 31న భారీ వర్షాలకు మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. వాలు నేలలో వేళ్లు మట్టిని, చిన్న రాళ్లను పట్టి ఉంచుతాయి. అలాంటి చోట చెట్టును తప్పక కొట్టాల్సి వచ్చినా మొద్దును మాత్రం పెకలించకూడదు. చచ్చిన వేళ్లు కూడా కొన్నాళ్లు మట్టిని పట్టుకునే ఉంటాయి. అవి కుళ్లే లోపు పక్కనే కొత్త మొక్క వేరు పట్టాలి. అంటే వాలులో నాటడం ముందు, నరకడం తర్వాత.

## అనుమతి

సొంత స్థలంలోని చెట్టుకు ఎవరి అనుమతి దేనికన్న మాట తరచూ వినిపిస్తుంది. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనే చట్టం, సొంత భూమిలోని చెట్లకూ వర్తిస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. ఏ చెట్టు ఆ జాబితాలో ఉందో నగరపాలక సంస్థ ఉద్యానవన విభాగంలో గానీ, అటవీ శాఖ కార్యాలయంలో గానీ అడిగి, అర్జీ రాతపూర్వకంగా పెట్టడం మేలు. అర్జీతోపాటు చెట్టు ఫొటో, గోడ పగులు ఫొటో, ఒరిగిన కోణం తెలిసేలా మరో ఫొటో ఇస్తే తనిఖీకి వచ్చే అధికారికి పని తేలిక. కర్రను లారీలో తరలించాలంటే రవాణా పర్మిట్ విషయం కూడా అక్కడే తేల్చుకోవచ్చు. గూళ్లలో పిల్లలు ఉన్న రోజుల్లో కోత వాయిదా వేయడానికి మాత్రం ఏ చట్టమూ అడగనక్కర్లేదు.

## గొయ్యి పూడ్చే పని

మొద్దు తీసిన గొయ్యిని ఆ రోజే పైపైన మట్టి లాగి మూసేస్తే, మొదటి పెద్ద వానకు అక్కడ మడుగు తేలుతుంది. నల్లమట్టి గడ్డల మధ్య ఖాళీలు ఉండిపోతాయి. టైల్స్ వేసినా కుంగుతాయి, బండి నిలిపితే చక్రం దిగబడుతుంది. గొయ్యిలోని వేరు ముక్కలు ఏరేసి, గ్రావెల్ కలిపిన మట్టిని అరడుగు చొప్పున పొరలుగా పోసి, ఒక్కో పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టాలి. చివర నేల మట్టానికి కొంచెం ఎత్తుగా వదిలేస్తే వానకు సర్దుకుంటుంది.

అక్కడే కొత్త మొక్క నాటాలనుకునేవాళ్లు రంపపు పొట్టును గొయ్యిలో కలపకూడదు. పొట్టు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడేసుకుంటాయి, మొక్క ఆకులు పసుపుపచ్చగా మారి ఎదగదు. పాత గొయ్యి నుంచి నాలుగైదు అడుగులు జరిపి, గోడకు, పైపుకు, తీగకు ఎంత దూరమో టేపుతో కొలిచి, పూర్తిగా ఎదిగిన చెట్టు అక్కడ ఎంత చోటు తీసుకుంటుందో లెక్క చూసుకుని నాటాలి. కానోకార్పస్ నాటిన రోజున ఆ కొలత తీసి ఉంటే, ఈ తవ్వకం చాలా ఇళ్లలో అవసరమయ్యేదే కాదు.